1913లోనే రిటైరైన మనిషి

మా కంపెనీ గేటు ఒక మనిషిని 1913లో రిటైర్ చేసింది. ఆమె పుట్టింది 1991లో.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీ వయసు వాళ్ల ముందు ఈ మాట అంటే రెండు రకాలుగా చూస్తారు. కంప్యూటర్లు చదివినవాళ్లు "ఓ, 2038 సమస్యేనా" అని మళ్లీ ఫోన్‌లోకి పోతారు. చదవనివాళ్లు నాకు మతి తప్పిందనుకుంటారు. ఇద్దరితోనూ నాకు తగాదా ఉంది, అందుకే మొత్తం రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. రాస్తే కొందరు కోర్టుకెళ్తారు, కొందరు సంతోషపడతారు. రెండూ నాకిష్టం లేదు.

మాది మేడ్చల్ దాటాక హైవే నుంచి కాస్త లోపలికి ఉన్న కంపెనీ. మందులు తయారు చేసేది కాదు. జీడిమెట్ల నుంచి డ్రమ్ముల్లో వచ్చే మాత్రలను పట్టీల్లో బిగించి, అట్టపెట్టెల్లో పెట్టి పంపేది. నా గది తలుపు మీద సిస్టమ్స్ ఆఫీసర్ అని ఉండేది. లోపల నేను ఎక్కువ కాలం చేసిన పని ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాలు లాగడం.

ప్యాకింగ్‌లో అందరూ ఆడవాళ్లే, అందరూ కాంట్రాక్టే. ఏడాదికోసారి వాళ్లను కాగితం మీద తీసేసి, మర్నాడు ఇంకో కాంట్రాక్టరు పేరు మీద మళ్లీ పెట్టుకునేవాళ్లు. మనిషి మాత్రం అదే టోపీ పెట్టుకుని అదే బెల్టు ముందు కూర్చునేది. వాళ్లు చాలా ఏళ్లు కొట్లాడారు. చివరికి యాజమాన్యం దిగొచ్చి, సెక్షన్ మొత్తాన్నీ పర్మనెంట్ చేస్తామని ఒప్పుకుంది. ఇదంతా ఓ నాలుగైదేళ్ల కిందటి మాట. ఒకటో తారీఖు నుంచి కొత్త కార్డులతో రావాలి, వారం తర్వాత ఎండీ గారు ఆర్డర్ల మీద సంతకాలు చేస్తారు. మధ్యలో గేటు దగ్గర హాజరు పడనివాళ్ల పేరు ఆర్డర్లలో ఉండదు. పాత కాంట్రాక్టు ముందురోజే ముగిసింది కాబట్టి వాళ్లు అక్కడా ఉండరు. ఒప్పందంలో అదొక షరతు. రాసినాయన ఎవరో గానీ గేటు మీద అంత నమ్మకం పెట్టుకున్నాడు.

గేటంటే నడుం ఎత్తులో మూడు ఇనప కడ్డీలు తిరిగేది. కార్డు చూపిస్తే పచ్చ లైటు వెలిగి కడ్డీ కదులుతుంది, లేదంటే ఎర్ర లైటు వెలిగి ఆపేస్తుంది. పక్కన స్టూలు మీద సెక్యూరిటీ గార్డు. షామీర్‌పేట పక్క ఊరాయన, గడ్డం నెరిసిన పెద్దమనిషి, అందరికీ చాచా.

ఒకటో తారీఖు పొద్దున నేను వెళ్లేసరికి గేటు ముందు లైను రోడ్డు దాకా ఉంది. లైను మొదట్లో ప్యాకింగ్ వాళ్లందరిలోకీ నోరున్న అమ్మాయి. షామీర్‌పేట చెరువు మీద చేపలు పట్టే కుటుంబం ఆమెది.

"ఆగు బిడ్డా, లాల్ బత్తి వచ్చింది," అంటున్నాడు చాచా.

"కొత్త కార్డు చాచా. నిన్ననే ఇచ్చిండ్రు."

"కొత్తదైతేంది? మెషిన్ వద్దంటాంది. ఏందో రాసింది సూడు."

నేను ముందుకెళ్లి చూశాను. సర్వీసు ముగిసింది అని ఇంగ్లిషులో ఉంది. తెలుగులో చెప్పాను.

"గిదేంది మేడం? ఇంకా షురూ గాకముందే ఖతమైందా?"

ఆమె పక్కకు జరిగింది. వెనకాల ఉన్న పెద్దావిడకు పచ్చ లైటే వెలిగింది. ఆ తర్వాత ఇంకో చిన్నమ్మాయికి మళ్లీ ఎర్రది. మధ్యాహ్నానికి సంగతి తేలిపోయింది. నలభై దాటినవాళ్లందరూ లోపల, చిన్నవాళ్లందరూ బయట. గేటు నా కింద ఉండేది కాదు, అడ్మిన్ వాళ్ల కింద ఉండేది. ఆ రోజు నుంచి నా కింద పడేశారు.

టెక్నికల్ విషయం ఒక్క పేరాలో చెప్పేస్తాను, భరించండి. ఆ గేటు పెట్టెలో ఉన్నది పాతకాలపు చిన్న కంప్యూటర్. అలాంటివి తేదీని మనలా నెల, సంవత్సరం అని గుర్తుపెట్టుకోవు. 1970 జనవరి ఒకటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టుకుంటాయి. ఆ అంకె దాచుకోవడానికి వాటికిచ్చిన చోటు 2038 జనవరి పందొమ్మిదితో నిండిపోతుంది. ఆ తర్వాతి సెకను కలిపితే లెక్క తలకిందులై మైనస్‌లో పడి, 1901లో తేలుతుంది. కొత్త సిస్టమ్‌లలో చోటు పెంచారు, సూర్యుడు ఆరిపోయేదాకా ఢోకా లేదు. మా గేటు కొత్తది కాదు. పర్మనెంట్ కార్డులో రిటైర్మెంట్ తేదీ ఎక్కించాలి. యాభై ఎనిమిదేళ్లు నిండే రోజు. ఈ అమ్మాయికది 2049. గేటు దాన్ని 1913 అని చదువుకుంది. దాని ప్రకారం ఆమె నిజాం రాజ్యంలోనే పని మానేసి, వందేళ్లు దాటాక మళ్లీ లోపలికి దూరాలని చూస్తోంది. ఎర్ర లైటు వేయడం న్యాయమే.

ఇదే మా హెచ్.ఆర్. మేనేజర్‌కు చెప్పాను. మనిషి మర్యాదస్తుడు. మర్యాదగా ఎవరినైనా ఎక్కడికైనా పంపించగలడు.

"2038కి ఇంకా చాలా టైముంది కదా మేడం గారూ."

"మీకుంది సార్. ఆ అమ్మాయికి లేదు."

"క్యాలెండర్ అందరికీ ఒకటే కదండీ?"

"కాదు సార్. ముందు ముందు ఎన్నాళ్లు పనిచేయాలో ఇవాళే మెషిన్‌లో రాస్తున్నాం. ఎవరికి ఎక్కువ సర్వీసుంటే వాళ్లకు 2038 ముందొస్తుంది. ముసలివాళ్లకు అసలు రానే రాదు."

"మరి ఇన్నేళ్లలో ఎవరికీ రాలేదే?"

ఆ ప్రశ్నకు జవాబు ఆయన దగ్గరే ఉంది. ఆ గేటు పెట్టాక మా కంపెనీ కుర్రవయసు మనిషినెవరినీ పర్మనెంట్ చేయలేదు. నాలాంటి పాతవాళ్లు తప్ప, ఆఫీసర్లకు కూడా ఐదేసి ఏళ్ల అగ్రిమెంట్లే. చిన్నవాళ్లను ఎక్కువకాలం ఉంచుకుంటారన్న సంగతి పాపం ఆ మెషిన్ అంతవరకు ఎరగదు.

గేటు అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ఆ మోడల్ ఎప్పుడో ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అన్నారు. కొత్తదానికి ఈ ఏడు బడ్జెట్ లేదన్నాడు హెచ్.ఆర్. సరే, గేటులో మాత్రం దగ్గరి తేదీ ఏదో వేద్దాం, ఆర్డర్‌లో అసలు తేదీ ఉంచుదాం అన్నాను. కుదరదన్నాడు. ఆర్డర్ కూడా అదే రికార్డు నుంచి ప్రింటవుతుంది, రెండు చోట్ల రెండు తేదీలుంటే ఆడిట్ వాళ్లు ఒప్పుకోరు. అయితే రెండు చోట్లా 2036 వేద్దామన్నాడు ఆయనే. అప్పుడు ఆర్డర్‌లో పుట్టిన తేదీకీ రిటైర్మెంట్‌కీ పొంతన కుదరదు కదా అన్నాను.

"అయితే పుట్టిన తేదీ మార్చేద్దాం," అన్నాడు.

నవ్వకండి. ఈ చుట్టుపక్కల పనిచేసిన ఎవరికైనా ఆ ఆలోచనే వస్తుంది. మా ప్యాకింగ్‌లో సగం మంది జూన్‌లో పుట్టారు. అంటే బడిలో చేర్చిన రోజు హెడ్మాస్టరు జూన్ అని రాసుకున్నాడు. మిగతావాళ్లు ఆధార్ తీసేవాడి తొందరను బట్టి జనవరి ఒకటిన పుట్టారు. గేటు మారదు, బడ్జెట్ మారదు, ఆడిట్ మారదు. మారేది ఆ అమ్మాయిల వయసొక్కటే. ఒక్కో అఫిడవిట్ చాలు. ఆర్డర్ల రోజునే నోటరీని పిలిపించి అందరితో సంతకాలు పెట్టిస్తామని, అప్పటిదాకా చేత్తో గేటు తీసి లోపలికి పంపమని హెచ్.ఆర్. చెప్పాడు. సంతకం పెడితేనే ఈ వారం హాజరు కూడా పడుతుంది.

అమ్మాయిలు సరేనన్నారు. ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం షేర్ ఆటోలో చెరువు మీది అమ్మాయి పక్కన నేనే కూర్చున్నాను. తూంకుంటలో ఉండేదాన్ని, షామీర్‌పేట దాకా ఇద్దరిదీ ఒకే దారి.

"సంతకం పెడతావా?" అన్నాను.

"పెడత మేడం. ఏమైతది?"

"నీకు ముప్పై. నలభై మూడు చేస్తున్నారు."

"కాగితం మీదనే గద, ముఖం మీద చేస్తలేరు గద."

ఆటో అంతా నవ్వింది.

"మీ అమ్మకెన్నేళ్లు?"

"నలభై ఏడుంటయేమో."

"అంటే నువ్వు పుట్టేటప్పటికి మీ అమ్మకు నాలుగేళ్లన్నమాట."

"ఇగ ఇయ్యాల్టి సంది మా అమ్మను అక్కా అని పిలుస్త."

డ్రైవర్ ఊరుకోలేదు. "ఆధార్ల నేను మా అన్నకన్న పెద్దోణ్ణి మేడం. ఏం గాలె. పెండ్లి గూడ అయింది."

"నువ్వు రోడ్డు చూడు నాయనా."

నేను వేళ్ల మీద లెక్క చెప్పాను. నీకు నిజంగా నలభై ఐదేళ్లు వచ్చేసరికి నిన్ను ముసలిదానివని ఇంటికి పంపుతారు. పదమూడేళ్ల ఉద్యోగం పోతుంది. అప్పుడు ఏడ్చినా ఎవరూ వినరు, నీ సంతకమే నీకు చూపిస్తారు. ఆమె బ్యాగు ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది.

"మేడం, గిన్నేండ్లు నన్ను ఏడాదికోపారి తీసేసి పెట్టుకున్నరు. గిప్పుడు పదిహేనేండ్లు ఎవ్వడు తియ్యడంటే నాకది మస్తు. మా ఆయన పొద్దుగాల వలేస్తడు. ఇయ్యాల చేప వడ్తదా లేదా, గదే ఆయనకు తెల్వది. ఇగ నేను 2049 ముచ్చట జెప్తే నవ్వుతడు."

"అందుకని వదులుకుంటావా?"

"మీకు ఒకటో తారీకు జీతం పక్క. గందుకే మీకు గంత దూరం కనవడ్తది. నాకు గీ వారం దాటితే చాలు."

నేను ఒప్పుకుని తలూపాను. ఇది చాలా అరుదు, మా ఇంట్లో ఎవరినైనా అడగండి. ఆమె తప్పు మాట్లాడలేదు. వారం చివర్లో ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషిని పట్టుకుని పదిహేనేళ్ల తర్వాతి నష్టం గురించి తిట్టడం తేలికే. ఆటోలో కూర్చుని కూడా తిట్టొచ్చు.

అయినా నేను ఊరుకునే రకం కాదు. మర్నాడు పొద్దున గేటు దగ్గర చాచా ఒక్కో అమ్మాయి కోసం కింద మీట నొక్కి కడ్డీ తిప్పుతున్నాడు.

"చేతులు నొప్పి పుట్టట్లేదా చాచా?"

"అలవాటే మేడం. పెద్దసారుకు రోజు గిట్లనే తిప్పుత గద."

పెద్దసారంటే ఎండీ. ఆయనొచ్చినప్పుడు చాచా లేచి సలాం చేసి, కడ్డీ తన చేత్తో తిప్పి దారివ్వడం మేమందరం రోజూ చూసేదే. ఆయన హోదా అది అనుకునేవాళ్లం.

"ఆయన కార్డు వాడరా?"

చాచా అటూ ఇటూ చూశాడు. "సార్ కార్డుకు షురూ నుంచి లాల్ బత్తే మేడం. మొదటి దినం నాకు పరేషాన్ అయింది. పెద్దసారుకు లాల్ బత్తి వచ్చిందని నా నోటితోని ఎట్ల చెప్త? కార్డు పెట్టేటప్పుడే సలాం గొట్టి, ఆయన లైటు చూసేలోపల కడ్డీ తిప్పేసిన. సార్ మస్తు ఖుష్ అయిండు. రెండో దినం కార్డు తీయనే లేదు."

గదిలోకి పోయి ఎండీ రికార్డు తెరిచాను. గేటు పెట్టినవాళ్లు ఆయన మీద భక్తి కొద్దీ, ఈయనకు రిటైర్మెంట్ ఏంటని, 2099 డిసెంబర్ ముప్పై ఒకటి అని ఎక్కించారు. గేటు దాన్ని 1963 నవంబర్ అని చదువుకుంది. ఆయన అప్పటికి పుట్టలేదు. పుట్టకముందే ఇంటికి పంపేసింది.

సంతకాల రోజు వచ్చింది. హెచ్.ఆర్. గదిలో నోటరీ స్టాంపు కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. అమ్మాయిలు మంచి చీరలు కట్టుకుని వరండాలో లైనుగా నిలబడ్డారు. ముందు వయసు మార్చుకోవాలి, తర్వాత ఆర్డర్ తీసుకోవాలి. హెచ్.ఆర్. పూలగుత్తి పట్టుకుని గేటు దగ్గరికెళ్లాడు. నన్నెవరూ పిలవలేదు, అయినా వెళ్లాను.

ఎండీ కారు దిగాడు. చాచా లేచాడు. నేను కడ్డీకి అడ్డంగా నిలబడ్డాను.

"సార్, ఒక్కసారి మీ కార్డు పెడతారా?"

హెచ్.ఆర్. చేతిలో పూలగుత్తి వంగింది. ఎండీ జేబులు వెతుక్కున్నాడు. పర్సులో అడుగున ఎక్కడో దొరికింది. పెట్టాడు. ఎర్ర లైటు. చాచా ఆకాశంలో వాన మబ్బులేమైనా ఉన్నాయేమోనని చూడటం మొదలుపెట్టాడు.

"సర్వీసు ముగిసిందంటోంది. ఏమిటిది?"

"మీరు 1963లో దిగిపోయారు సార్. ఈ మెషిన్ లెక్కలో." వరండా వైపు చూపించాను. "ఆ చివర నిలబడ్డ అమ్మాయి 1913లో దిగిపోయింది. మీకన్నా యాభై ఏళ్లు సీనియర్."

హెచ్.ఆర్. ముందుకొచ్చాడు. "చిన్న సాంకేతిక సమస్య సార్. పరిష్కారం చూశాం. వీళ్ల పుట్టిన తేదీలు ఇవాళ సవరిస్తున్నాం."

"అయితే సార్‌ది కూడా సవరించాలి," అన్నాను. "నోటరీ లోపలే ఉన్నాడు."

"నా వయసెందుకు మారుస్తారు?" ఎండీ గొంతు కాస్త లేచింది. ఆయన జుట్టుకు రంగేసుకుంటాడు. ఆ విషయం మీద ఆయనకు పట్టింపు ఉంది.

వరండాలోంచి నా ఆటో అమ్మాయి అందుకుంది. "సార్‌ది మార్చకున్రి. సార్ ఇప్పుడే మంచిగున్నరు."

ఎండీ ఆమెను దగ్గరికి పిలిచాడు. "నీ వయసెంతమ్మా?"

"ఎవరి లెక్కల సార్?"

"నీ లెక్కలోనే చెప్పు."

ఆమె నోటరీ ఉన్న గది వైపు చూసింది, నా వైపు చూసింది. ఆటోలో ఉన్న ధీమా ముఖంలో లేదు. అక్కడ ఏమన్నా తప్పయితే ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. నా నోటి దురుసుకు నాకు నష్టమేమీ లేదన్నది ఆ క్షణంలోనే నాకు బాగా అర్థమైంది.

"ముప్పై సార్," అంది. "నలభై మూడంటే కొలువు ఇస్తమంటున్నరు. మీరు నలభై మూడే గావాలంటే నలభై మూడే. కానీ ముప్పైకి ఇస్తే ముప్పైయే మంచిగుంటది. పనిచేసేటోళ్లం, గింకో పదమూడేండ్లు చేస్తం."

ఎండీ మెషిన్ వైపు చూశాడు. చాచా వైపు చూశాడు. ఇన్నేళ్ల సలాముల లెక్క ఆయనకు అప్పుడు అందినట్టుంది.

"ఆర్డర్‌లో తేదీ ఎందుకు? యాభై ఎనిమిదేళ్లు నిండేవరకు అని రాస్తే చాలదా?"

"ఆడిట్ వాళ్లు..." అన్నాడు హెచ్.ఆర్.

"వాళ్లకు నేను చెప్తాను. గేటులో అందరికీ ఏడాదికోసారి తేదీ వేసుకోండి, కొత్తది వచ్చేదాకా."

"మరి ఈ వారం వీళ్లకు హాజరు పడలేదు సార్."

"నాకు ఎప్పుడైనా పడిందా?"

"లేదు సార్."

"జీతం వస్తోంది కదా? నాకు వేసినట్టే వీళ్లకూ వెయ్యండి."

వారం రోజులు నేను మూడు గదుల్లో అరిచి సాధించలేనిది, ఆయన కార్డును పర్సులో పెట్టుకునేలోపల అయిపోయింది. ఆడిట్ వాళ్లకు ఒక మనిషి చెప్పవచ్చునన్న సంగతి అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. నోటరీకి టీ ఇచ్చి పంపేశారు. ఆర్డర్లు మళ్లీ టైపు చేయించారు, సాయంత్రానికి సంతకాలయ్యాయి. హెచ్.ఆర్. మేనేజర్ ఆ ఏడాది తన పనితీరు నివేదికలో దీన్ని తన విజయంగా రాసుకున్నాడు. నేనేమీ అనలేదు. అన్నాను గానీ, ఇక్కడ రాయను.

ఆ అమ్మాయి నాకు కృతజ్ఞతలు చెప్పలేదు. ఆటోలో ఒక మాట మాత్రం అంది. "నలభై మూడు రాసుకుంటే మా అత్త ముంగట కొంచెం పెద్దరికమన్న వస్తుండె మేడం. అదీ పోగొట్టిన్రు."

కొన్ని నెలలకు కొత్త గేటు వచ్చింది. ఎండీ కార్డుకు పచ్చ లైటు వెలుగుతుంది. కానీ ఆయన కార్డు తీయడు. చాచా లేచి సలాం చేసి చేత్తోనే తిప్పాలి. పైనుంచి అలాగే చెప్పారట. చాచా మాత్రం ఏజెన్సీ మనిషి, ఇప్పటికీ ఏడాదికోసారి కొత్త కాగితమే. ఆయన విషయంలో ఏ మెషినూ తప్పు చేయలేదు కాబట్టి, దిద్దమని నేను పోట్లాడటానికి పట్టు దొరకలేదు.

మీకు నేను చెప్పేది ఇంతే. ఆ తేదీ ఇంకా చాలా దూరం అని ఎవరైనా అంటే, ఎవరికి దూరం అని అడగండి. అడిగితే మిమ్మల్ని గయ్యాళి అంటారు. అలవాటైపోతుంది.

నిరుడు నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. సన్మానం చేశారు, శాలువా కప్పారు, నా గురించి అబద్ధాలు చెప్పారు. ఆ హడావుడిలో నా కుర్చీ మీద వేసుకునే దిండు మర్చిపోయాను. నా నడుముకు అది లేకపోతే గడవదు. మర్నాడు వెళ్లి అలవాటు కొద్దీ కార్డు పెట్టాను. ఎర్ర లైటు. సర్వీసు ముగిసింది. తేదీ చూశాను. రోజుతో సహా సరిగ్గా ఉంది.

"బయటి మనిషి లోపలికి పోవాలంటే పర్మనెంట్ వాళ్లు ఎవరన్న వచ్చి జిమ్మేదారి తీసుకోవాలె మేడం," అన్నాడు చాచా ఇబ్బందిగా. "కాంట్రాక్టు వాళ్లది నడువదు. నాది గూడ నడువదు."

"హెచ్.ఆర్.ను పిలవండి."

"ఆయనది ఐదేండ్ల అగ్రిమెంటు గద. నడువదు."

చాచా ప్యాకింగ్‌కు ఫోన్ చేశాడు. టోపీ తీయకుండానే ఆమె వచ్చింది, చెరువు మీది అమ్మాయి. తన కార్డు మెషిన్ మీద పెట్టింది. సందర్శకురాలు ఎప్పటిదాకా ఉంటుందని స్క్రీన్ అడిగింది.

"ఐదు నిమిషాలు," అన్నాను. "దిండు తీసుకుని పోతాను."

ఆమె నా మాట విననట్టే సాయంత్రం ఆరు అని కొట్టింది.

"అంతసేపు ఎందుకు?"

"మా సెక్షన్‌కు రారా? నిన్న మీ ఆఫీసరోళ్లే శాలువాలు కప్పుకున్నరు, మమ్ముల్ని పిలువలె," అంది. "పాండ్రి. ఇగ మీ మాటేం నడువదు. గీడ మీరు నా మనిషి."

పచ్చ లైటు వెలిగింది. నేను ఏదో అనబోయాను. ఆమె అప్పటికే కడ్డీ తిప్పి పట్టుకుని నిలబడింది.